ఇత్తడి తపేలాలో పప్పుచారు కాచవచ్చా?

వంటింటి ఉత్తరాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి గుణుపురం, బరంపురం, రాయగడ, పర్లాకిమిడి, జయపురం నుంచి వచ్చిన ఉత్తరాలను ఒకచోట చేర్చాము. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉంటున్న తెలుగు ఇళ్ళవాళ్ళు రాసిన ఈ ఉత్తరాలన్నింటిలోనూ ఒక స్నేహితుడో స్నేహితురాలో ఉన్నారు, రోజూ కంచంలోకి వచ్చే తిండి ఉంది.

ప్రశ్న: మా గృహప్రవేశానికి నా చిన్ననాటి స్నేహితురాలు శ్రీకాకుళం జిల్లా బుడితి వరకూ వెళ్ళి ఇత్తడి తపేలా కొని తెచ్చి ఇచ్చింది. బడిలో చదువుకునే రోజుల్లో వాళ్ళ అమ్మగారు ఇత్తడి గిన్నెలో కాచిన పప్పుచారు నేను అడిగి మరీ పోయించుకునేదాన్ని. అది గుర్తుపెట్టుకుని తెచ్చిందట. అయితే ఇత్తడిలో చింతపండు పులుసు పోస్తే చిలుము పడుతుందని మా అత్తగారు దాన్ని అటక ఎక్కించారు. స్నేహితురాలు ఫోన్ చేసినప్పుడల్లా "చారు కాచావా?" అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు.
— ఒక గృహిణి, గుణుపురం

జవాబు: మీ అత్తగారి భయంలో న్యాయం ఉంది, మీ స్నేహితురాలి కోరికా తీరేదే. కావలసిందల్లా తపేలా లోపల మంచి కళాయి, అంటే తగరపు పూత. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపి పోత పోసిన లోహం. చింతపండు, నిమ్మ, టమాటా, పుల్లమజ్జిగ వంటివి అందులో నిలవ ఉంటే రాగి కొద్దికొద్దిగా కరిగి పదార్థంలోకి దిగుతుంది, అంచుల్లో పచ్చటి చిలుము కడుతుంది. అటువంటి పులుసు తింటే వికారం, వాంతులు, కడుపునొప్పి రావచ్చు. పాతకాలంలో పెద్దవాళ్ళు కళాయి లేని గిన్నెను పొయ్యి మీదికి రానివ్వకపోవడానికి కారణం ఇదే.

ముందుగా తపేలాను అటక మీద నుంచి దింపి, పగటి వెలుగులో లోపలి భాగం చూడండి. లోపలంతా వెండిలా తెల్లగా ఉంటే కళాయి ఉన్నట్టు. పసుపుపచ్చగా కనిపిస్తే, లేదా అడుగున అక్కడక్కడా పసుపు మచ్చలు తేలితే, పూత వేయించకుండా పులుపు వండకూడదు. కొత్త గిన్నెలను చాలామంది పూజగదిలోకో అలంకారానికో కొంటారు కాబట్టి దుకాణాల్లో కళాయి లేకుండానే అమ్మడం మామూలే. మీ స్నేహితురాలు కొన్న చోటే అడిగితే పూత వేసేవాళ్ళ సంగతి చెబుతారు. బుడితి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, ఆ పని తెలిసిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి.

కళాయి వేయిస్తున్నప్పుడు వీలైతే దగ్గర ఉండి చూడండి. గిన్నెను శుభ్రంగా తోమి, బొగ్గుల కొలిమి మీద తిప్పుతూ కాలుస్తారు. బాగా కాలిన తరువాత నవసాగరం పొడి చల్లి దూదితో రుద్దితే తెల్లటి పొగ లేచి లోపలి మురికి విడిచిపోతుంది. అప్పుడు తగరపు కడ్డీని కాలిన గిన్నెకు తాకిస్తే అది పాదరసంలా కరిగి జారుతుంది. ఆ జారే తగరాన్ని దూదితో గిన్నె లోపలంతా ఒక్క ఊపులో పరిచి, వెంటనే నీళ్ళలో ముంచుతారు. ఇదంతా కొద్ది నిమిషాల పని. మీరు గట్టిగా అడగవలసిన మాట ఒక్కటే: వాడేది స్వచ్ఛమైన తగరమేనా? టంకానికి వాడే తీగలో తరచుగా సీసం కలిసి ఉంటుంది, అది వంటపాత్రకు పనికిరాదు. చౌకగా వేస్తామన్న చోట ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

పూత వేయించిన తరువాత దాన్ని కాపాడుకోవడం మీ చేతిలో ఉంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గిన్నెలో నీళ్ళు మరుగుతున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి పూతకు ఏమీ కాదు. ఖాళీ గిన్నెను మంట మీద పెట్టి మరిచిపోయినా, అందులోనే నూనె కాచి పోపు వేసినా పూత కరిగి ఒక మూలకు చేరుతుంది. అందుకే పోపు ఎప్పుడూ ఇనుప గరిటెలో వేసి చారులో వంచాలి. "చుయ్" మన్న ఆ చప్పుడుకే సగం కడుపు నిండుతుంది, కనుక ఇందులో నష్టపోయేది కూడా ఏమీ లేదు. లోపల స్టీలు పీచు, ఇసుక, ముగ్గు వాడకండి. కొబ్బరి పీచుతో మెత్తగా తోమితే చాలు. చింతపండు, ఉప్పు పెట్టి మెరిపించడం బయటి వైపుకే. మీకు ఇండక్షన్ పొయ్యి ఉంటే దాని మీద ఇత్తడి వేడెక్కదు, గ్యాసు మీదే కాచుకోవాలి.

ఇక పప్పుచారు. కందిపప్పును విడిగా మెత్తగా ఉడికించి మెదిపి ఉంచుకోండి. తపేలాలో నీళ్ళు పోసి ములక్కాడ, ఆనపకాయ ముక్కలు, చీల్చిన పచ్చిమిరపకాయలు, పసుపు వేసి ఉడకనిచ్చి, ముక్క మెత్తబడ్డాక చింతపండు పులుసు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేయండి. ముక్క ఉడకక ముందే పులుసు పోస్తే ములక్కాడ ఎంతసేపు కాగినా బిరుసుగానే ఉండిపోతుంది. పులుసు పచ్చివాసన పోయాక పప్పు కలిపి సన్నటి సెగ మీద ఉంచండి. ఇత్తడి స్టీలు కంటే ఎన్నో రెట్లు త్వరగా వేడిని నాలుగు వైపులా పంచుతుంది. గిన్నె మందంగానూ ఉంటుంది కాబట్టి పప్పు అడుగంటకుండా, గిన్నె అంతా ఒక్క తీరుగా కాగుతుంది. మీ చిన్నప్పటి చారు రుచిలో ఈ నిదానపు కాగుడు వాటా చాలా ఉంది. చివర నెయ్యిలో ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి వంచి మూత పెట్టండి. భోజనాలు కాగానే మిగిలినది స్టీలు గిన్నెలోకి తీసేయండి, పూత ఉన్నా సరే పులుపును రాత్రంతా అందులో ఉంచవద్దు.

కళాయి అయి వచ్చిన రోజున గిన్నెను మొదట మీ అత్తగారి చేతికే ఇచ్చి లోపలి తెలుపు చూపించండి. చిలుము సంగతి తెలిసిన మనిషి కళాయి సంగతి కూడా తెలిసినవారే అయి ఉంటారు, ఎప్పుడు పూత అరిగిందో మీకన్నా ముందు ఆవిడే కనిపెడతారు. మొదటిసారి చారు కాచిన రోజున స్నేహితురాలిని భోజనానికి పిలవండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన రోజున నా ఒడియా సహోద్యోగి ఒకరు చిన్న రాతి రోలు, పొత్రం బహుమతిగా ఇచ్చారు. మా అమ్మ చేసే ఆవ పెట్టిన పనసపొట్టు కూర గురించి మధ్యాహ్నం టిఫిను డబ్బాలు విప్పినప్పుడల్లా ఆయనకు చెబుతూ ఉండేవాణ్ణి. ఇప్పుడు వంట నేనే చేసుకుంటున్నాను. ఆవ నూరితే ఘాటు రాకపోగా చేదు వస్తోంది, పంటి కింద రాతి పొడి కూడా తగులుతోంది.
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: మాటల్లో దొర్లిన ఒక కూరను అన్నేళ్ళు గుర్తుపెట్టుకుని, దానికి ఏ పనిముట్టు కావాలో ఆలోచించి కొన్న మనిషి మీకు దొరికారు. ఆ రోలును వాడుకలోకి తెచ్చుకోవడానికి కొంచెం ఓపిక పట్టండి, మాస్టారూ. కొత్త రాయికి గరుకు పోవాలి. నానబెట్టిన బియ్యంలో గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి రుబ్బి, ఆ పిండిని పారబోసి, నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. పిండి బూడిదరంగు లేకుండా తెల్లగా వచ్చేదాకా అలా చేస్తూ ఉండాలి. సబ్బు మాత్రం వాడకండి, రాయి ఆ వాసనను పట్టి ఉంచుతుంది.

చేదు సంగతికి వస్తే, ఆవగింజలో ఘాటు ముందే తయారుగా ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు అందులోని ఒక ఎంజైము పనిచేసి ఘాటును పుట్టిస్తుంది. వేడి నీళ్ళు పోసినా, నూరిన ఆవను మరుగుతున్న కూరలో వేసినా ఆ ఎంజైము చచ్చిపోయి చేదే మిగులుతుంది. కాబట్టి ఆవాలను చల్లని నీళ్ళలో పావుగంట నానబెట్టి, ఎండుమిరపకాయ, ఉప్పు, చిటికెడు పసుపు చేర్చి, చల్లని నీళ్ళు చిలకరిస్తూ నూరండి. కాసేపు అలాగే ఉంచితే ఘాటు ముక్కుకు అందుతుంది. పనసపొట్టును పసుపు వేసి ఉడికించి, నీరు పిండేసి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, కరివేపాకు పోపులో వేసి, చిక్కటి చింతపండు గుజ్జుతో మగ్గించి, పొయ్యి మీద నుంచి దించేయండి. కూర గోరువెచ్చగా అయ్యాకే ఆవ ముద్ద, ఒక చెంచా పచ్చి నువ్వుల నూనె కలపాలి. ఒక పూట ఊరితే ఇంకా బాగుంటుంది.

ఒడియా ఇళ్ళలో కూడా ఆవ నూరి బెసొరొ వండుతారు. అందులో వెల్లుల్లి పడుతుంది, పులుపుకు ఎండబెట్టిన మామిడి ముక్క వేస్తారు. మీ మిత్రుడు ఆవ ఘాటు ఎరిగినవారే కాబట్టి, మీ అమ్మగారి కూరను ఆయనకు రుచి చూపించడానికి మొహమాటపడవద్దు.

ప్రశ్న: మా పక్కింటి ఒడియా స్నేహితురాలు రొజొ పండుగకు పొడొపిఠా, మామూలు రోజుల్లో దాల్మా పంపిస్తూ ఉంటుంది. గిన్నె ఖాళీగా తిప్పి పంపడం మాకు అలవాటు లేదు. కార్తీకంలో వెల్లుల్లి కారప్పొడి పోసి పంపితే, తీసుకుంది కానీ తరువాత ఆ నెల తాము తినమని చెప్పింది. ఏం పంపితే బాగుంటుంది?
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: ఆమె చెప్పడమే మంచిదయింది, అది చనువున్న చోట జరిగే పని. ఒడియా ఇళ్ళలో చాలామంది కార్తీకమంతా నీచు ముట్టరు, ఎందరో ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు. చేపలు బాగా తినేవాళ్ళు సైతం వాళ్ళ లెక్కలో ఆ నెల చివరి ఐదు రోజులు, అంటే కార్తీక పౌర్ణమితో ముగిసే పంచుకలో, తప్పకుండా మానుతారు. మార్గశిరంలో గురువారాలు మాణొబొసా అనే లక్ష్మీపూజ. ఈ రోజులు మీ క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటే చాలు.

ఆ నెలల్లో నువ్వుల పొడి, కరివేపాకు పొడి, కొబ్బరి పొడి వెల్లుల్లి లేకుండా చేసి పంపండి. పులిహోర అయితే ఆ ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తారు. అరిసెలు వాళ్ళూ చేసుకుంటారు కాబట్టి వాటికన్నా సున్నుండలు, పూతరేకులు వంటివి కొత్తగా ఉంటాయి. మామూలు రోజుల్లో గోంగూర పచ్చడి, గుమ్మడి వడియాలు పంపవచ్చు. మినపపిండి బొడి వాళ్ళకు రోజూ ఉండేదే, మన బూడిదగుమ్మడి వడియాలు దానికి దగ్గరి చుట్టం, వాళ్ళు బొడిని నలిపి ఉల్లిపాయ, పచ్చిమిరపతో కలుపుకుని తింటారు. గిన్నె వెంటనే తిప్పి పంపాలన్న తొందర కూడా వద్దు. మీరు మామూలుగా ఏ రోజు ఏది వండుతారో, ఆ రోజే ఒక గరిటె ఎక్కువ వేసి పంపితే ఆమెకు బరువుగా అనిపించదు, మీకూ ప్రత్యేకంగా చేసిన శ్రమ ఉండదు.

ప్రశ్న: స్నేహితుడు ఇచ్చిన కంచు గిన్నెలో చద్దన్నం రాత్రంతా నానబెట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: తినడానికి మాత్రమే వాడండి, నానబెట్టడానికి వద్దు. కంచులో రాగి పాలే ఎక్కువ, రాత్రంతా పులిసే నీళ్ళు అందులో ఉండకూడదు. కుండలోనో స్టీలు గిన్నెలోనో నానబెట్టి, పొద్దున కంచు గిన్నెలోకి వంచుకుని మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తిని వెంటనే కడిగేయండి. ఒడిశాలో మార్చి 20న పొఖాళొ దిబొసొ, అంటే చద్దన్నం రోజు, అని జరుపుకునేంతగా ఈ అన్నాన్ని ఇష్టపడతారు, మన ఇళ్ళలోనూ ఎండాకాలం పొద్దున ఇంతకు మించినది లేదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. వండిన అన్నాన్ని గంటల తరబడి ముద్దగా వదిలేసి ఆ తరువాత నీళ్ళు పోయకండి. అన్నం ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు కొన్ని ఉంటాయి, గోరువెచ్చని ముద్దలో అవి పెరిగి విడిచే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అన్నాన్ని పళ్ళెంలో పరిచి త్వరగా చల్లార్చి, మంచి నీళ్ళు పోసి మూత పెట్టండి. పొద్దున జిగురు సాగినా, పుల్లటి వాసన కాక కుళ్ళు వాసన వచ్చినా పారబోయండి. ఇంకొక మాట, కంచు గిన్నె చేయి జారితే పగులుతుంది, పొయ్యి మీద అసలే పెట్టకూడదు.

ప్రశ్న: భువనేశ్వర్‌లో ఉద్యోగం చేసే నా స్నేహితురాలు జ్వరంతో చాలా రోజులు మంచం పట్టి ఇప్పుడే లేచింది. నోరు చేదుగా ఉందనీ ఏదీ సయించడం లేదనీ అంటోంది. ఆమె మా ఊరి పిల్లే, ఒంటరిగా ఉంటోంది. రాత్రంతా ప్రయాణించే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళి రెండు రోజులు ఉండి వద్దామనుకుంటున్నాను. పళ్ళ బుట్ట, హార్లిక్సు సీసా కాకుండా ఏం తీసుకెళ్ళాలి?
— ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: మీరు వెళ్ళడమే ఆమెకు పెద్ద ఊరట. వండిన పదార్థాలు రాత్రి రైలులో మోసుకెళ్ళకండి, నీరసంగా ఉన్న కడుపుకు నిలవ తిండి మంచిది కాదు. పొడులు, పిండి చేసి పట్టుకెళ్ళి అక్కడి వంటింట్లో వేడిగా చేసి పెట్టండి. మీరు తిరిగి వచ్చాక ఆమె తనంతట తాను నిమిషాల్లో చేసుకోగలిగినవి కావాలి.

మొదటిది చోడి (రాగుల) పిండి. మీరున్నది చోళ్ళ సీమలోనే. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు తీసుకున్న జిల్లాల్లో మీ కోరాపుట్ జిల్లా ఉంది, కాబట్టి మంచి చోళ్ళు మీకు తేలిగ్గా దొరుకుతాయి. వాటిని కడిగి, నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. మొలకెత్తిన గింజ పిండితో అంబలి పలుచగా, తేలిగ్గా అరిగేలా వస్తుంది. నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానితో పోల్చదగినంత లేదు. రెండు చెంచాల పిండిని చల్లని నీళ్ళలో ఉండ లేకుండా కలిపి, మరిగే రెండు గ్లాసుల నీళ్ళలో పోసి, కలుపుతూ పది నిమిషాలు ఉడికించాలి. చల్లారాక పలుచటి మజ్జిగ, ఉప్పు కలిపి ఇవ్వండి. మామూలుగా మనం పిండిని ముందు రోజే కలిపి పులియబెడతాము, కానీ జ్వరం నుంచి లేచిన మనిషికి మొదటి కొన్నాళ్ళు అప్పటికప్పుడు కాచినదే నయం.

రెండవది చారు పొడి. ధనియాలు, మిరియాలు, జీలకర్ర, కొంచెం కందిపప్పు విడివిడిగా వేయించి పొడి కొట్టండి. చింతపండు పలుచగా తీసి, ఈ పొడి ఒక చెంచా వేసి కాచిన చారు, మెత్తటి అన్నం, నెయ్యి చుక్క నోటి చేదును విరుస్తాయి. వెళ్ళిన రోజు పొద్దున్నే పులగం పెట్టండి. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పెసరపప్పు వేయించి కలిపి, నీళ్ళు ఎక్కువ పోసి జావగా ఉడికిస్తే చాలు. మీ ఇంట్లో పాత చింతకాయ పచ్చడి ఉంటే చిన్న సీసాలో పట్టుకెళ్ళండి. పథ్యం తిండిలో నోరు తెరిపించేది అదే, అయితే గోరుతో గిల్లినంత వేస్తే చాలు.

ఒకేసారి పళ్ళెం నిండా వడ్డించకండి. చిన్న గిన్నెలో కొంచెం పెట్టి, రెండు గంటలకు మళ్ళీ కొంచెం పెట్టండి. తినలేదని బతిమాలవద్దు, పక్కన కూర్చుని మీరూ అదే తినండి. మీరు బయలుదేరేముందు పిండి, పొడి ఏ డబ్బాలో ఉన్నాయో, దేనికి ఎన్ని నీళ్ళు పోయాలో ఒక కాగితం మీద రాసి పొయ్యి గట్టు పైన అతికించి రండి. ప్రయాణానికి ముందే ఒకసారి ఫోన్ చేసి, వైద్యుడు ఉప్పు, కారం, పులుపు ఏదైనా తగ్గించమన్నారేమో కనుక్కుని, ఆ ప్రకారమే చారు పొడిలో మిరియాల పాళ్ళు చూసుకోండి.